పూత క్రింది తుప్పు

ఈ మాసపు వాక్య పాఠము

చదువవలసిన భాగములు: యెహెజ్కేలు 13:10–16, యాకోబు 5:1–6, ద్వితీయోపదేశకాండము 22:8



పాత బండికి తుప్పు గోకి రంగు వేయుటను గూర్చి సంఘపత్రికలో పాఠమేల అని మీలో కొందరు అడుగవచ్చును. అయితే పరిశుద్ధ గ్రంథములో బండ్లకు చోటు లేకపోలేదు. సంఖ్యాకాండము 7వ అధ్యాయము తీసి చూడుడి. ఇశ్రాయేలు ప్రధానులు ప్రత్యక్షపు గుడారపు సేవకొరకు ఆరు గూడుబండ్లను, పండ్రెండు ఎద్దులను తెచ్చిరి. మోషే వాటిని లేవీయులకు పంచిపెట్టెను. తెరలు మోయు గెర్షోనీయులకు రెండు బండ్లు. పలకలు, స్తంభములు మోయు మెరారీయులకు నాలుగు బండ్లు. ఎవరి బరువునుబట్టి వారికి బండి. ఏ బండిమీద ఎంత బరువు పడునో దేవుడు ఎరిగియున్నాడు. ఈ మాసము మనము నేర్చుకొనవలసినదియు ఇదియే: మన బండిమీద, అనగా మన బ్రదుకుమీద, ఎవరి బరువు పడుచున్నది? ఆ బరువు మోయుటకు పూత క్రింద ఇనుము ఉన్నదా?

1. ఏన్కూరులో జరిగిన సంగతి

మన ఏన్కూరు ప్రాంతము మీకు తెలిసినదే. ఖమ్మము జిల్లా అంచున నున్న ఈ మండలమునకు ప్రక్కనే, 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లా మొదలగును. ఆ వైపునంతయు అడవి సాగును. ఇక్కడి చేలలో మిరప, ప్రత్తి, వరి పండించుదుము. మిరపకాయ ఎండి బస్తాల కెక్కు దినములలో బండి గలవానికి పగలు రాత్రి తీరిక యుండదు.

మాలో ఒక సహోదరునికి పదునాలుగేండ్ల టాటా 407 బండి యొకటి కలదు. పోవునపుడు ఖమ్మము మార్కెట్టుకు మిర్చి బస్తాలు, వచ్చునపుడు ఎరువుల మూటలు. ఆయన ఇంట పొయ్యి రాజుట ఆ బండివలననే. ఎనిమిదేండ్లు దాటిన సరకు బండి ఏటేటా ఫిట్‌నెస్ పత్రము తెచ్చుకొనవలెను. నిరుడు ఆ దినములు సమీపించినపుడు తొట్టి క్రింది అడ్డ ఇనుములను తుప్పు తినివేసినదని ఆయన ఎరుగును. కాని చేతిలో రూకలు తక్కువ, గడువు తక్కువ. గనుక రంధ్రములలో లప్పము కూరించి, పైన పలుచని రేకు పరపించి, ఆకుపచ్చ రంగు వేయించెను. వెనుక తలుపుమీద ఒక వాక్యమును గూడ వ్రాయించెను. బండి క్రొత్తదానివలె మెరిసెను. మేమందరము మెచ్చుకొంటిమి. బండియొద్ద నిలువబడి ప్రార్థనయు చేసితిమి. క్రిందికి వంగి చూచినవాడు మాలో ఒక్కడును లేడు.

ఈ యేడు మార్చి నెలలో ఒక చేనియొద్ద బస్తాలు ఎత్తుచుండగా, హమాలీ సోదరుడొకడు వీపున బస్తాతో తొట్టిలో అడుగుపెట్టెను. రేకు చీలి అతని కాలు మోకాలివరకు దిగబడెను. పిక్క చీరుకొనిపోయెను. “అన్నా, కింద ఇనుమే లేదే!” అని అతడు కేకవేసెను. ఆస్పత్రిలో కుట్లు వేసిరి, ధనుర్వాతము రాకుండ సూది వేసిరి. నెలకుపైగా అతడు బరువెత్తలేకపోయెను. మిర్చి దినములలో నెలరోజులు కూలి పోవుట హమాలీ ఇంటికి ఎట్టిదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి బండి సహోదరుడు మాయొద్దకు వచ్చి, “నాకు తెలుసు అయ్యగారూ. తెలిసే పూయించాను” అని చెప్పి ఏడ్చెను. తన పేరు లేకుండ ఈ సంగతి వ్రాయుటకు ఆయనయే సమ్మతించెను. ఈ పాఠమంతయు ఆ ఒక్క మాటలోనుండి వచ్చినది.

2. తుప్పు అనగా నేమి?

ఇల్లెందు దాటి పోయినయెడల బయ్యారము ప్రాంతమున ఇనుప రాతి గుట్టలు కలవు. అచ్చటి ఎఱ్ఱని రాయి యేమి? ఇనుమును ప్రాణవాయువును కలిసి యున్నదే ఆ రాయి. కొలిమిలో బొగ్గును మహా వేడిమియు కలిసి ఆ వాయువును విడదీయగా ఇనుము వచ్చును. ఆ ఇనుమునకు నీరు, గాలి తగిలినయెడల అది మరల ప్రాణవాయువుతో కలిసి ఎఱ్ఱమన్నువంటి దగును. తుప్పు అనగా ఇదియే. ఇనుము తన పూర్వపు మంటికి తిరిగిపోవుటయే. మనుష్యుడు మంటినుండి తీయబడి మంటికే చేరునని ఆదికాండము 3:19లో మనము చదువుదుము గదా!

తుప్పు గుణములు మూడు గమనింపుడి. మొదటిది, అది దాగియున్న చోట పెరుగును. క్యాబిన్లో రబ్బరు చాప క్రింద, తలుపుల అడుగున, మడ్గార్డు మడతలలో, చెక్కకును ఇనుమునకును నడుమ, ఎక్కడ తడి ఆరదో అక్కడ అది కాపురము పెట్టును. రెండవది, ఉప్పు దానిని తొందరపెట్టును. పొటాషు మొదలైన ఎరువులు ఉప్పుజాతివి. చిరిగిన మూటనుండి రాలిన గుప్పెడు ఎరువు తడితో చేరి, నీరు ఒక్కటే చేయు పనికంటె వేగముగా ఇనుమును తినును. మూడవది, తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచేతనే అది పైనున్న రంగును క్రిందినుండి పొక్కువలె లేపును. రంగుమీద చిన్న పొక్కు కనబడినపుడు క్రింద అరచేతి వెడల్పున పని జరిగియుండును.

క్రొత్త నిబంధనలో తుప్పును గూర్చిన మాటలు రెండు ముఖ్యమైనవి. మత్తయి 6:19లో ప్రభువు వాడిన మాటకు గ్రీకు భాషలో “తినివేయుట” అని అర్థము. యాకోబు 5:3లోని మాట వేరు. అదే మాటను యాకోబు 3:8లో నాలుకయందలి విషమునకు వాడెను. తినునదియు అదే, విషమును అదే. ఒక చోట మొదలై ప్రక్కకు ప్రాకుట రెంటికిని స్వభావము.

3. గచ్చుపూత పూసినవారు

యెహెజ్కేలు దినములలో కొందరు ప్రవక్తలు సమాధానము లేని చోట సమాధానమని పలికిరి. ప్రజలు బలములేని గోడ కట్టగా వీరు దానికి గచ్చుపూత పూసిరి. దేవుడు ఆ గోడను వర్షముతోను వడగండ్లతోను గాలితోను పరీక్షించెదనని చెప్పెను. గోడ పడిన దినమున జనులు అడుగు ప్రశ్న ఒక్కటే: మీరు పూసిన పూత ఏమాయెను? ఇక్కడ తప్పు గోడ కట్టినవానిది మాత్రమే కాదు. బలహీనత తెలిసియు పూత పూసి మెచ్చుకొన్నవారిదియు తప్పే. ఆ బండిని మెచ్చుకొన్న మేము ఈ వాక్యము చదివినపుడు తల వంచుకొంటిమి.

ఇందుకు భిన్నమైన యొక సాక్షి ఢిల్లీలో కలదు. కుతుబ్ మీనారు ప్రక్కన నున్న ఇనుప స్తంభము సుమారు 1600 ఏండ్ల నాటిది, ఎత్తు ఏడు మీటర్లు. దానికి రంగు లేదు. ఎండలో వానలో నిలిచియున్నను తుప్పు దానిని తినివేయలేదు. ఆ ఇనుములో భాస్వరము హెచ్చుగా నుండుటచేత దానిమీద పలుచని కాపుదల పొర తానై ఏర్పడినదని కాన్పూరు ఐఐటీ ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం గారు పరిశోధించి వివరించిరి. దాని కాపుదల డబ్బాలోనుండి రాలేదు, లోపలినుండి వచ్చెను. దావీదు 51వ కీర్తనలో దేవుడు అంతరంగములో సత్యమును కోరువాడని గ్రహించి, శుద్ధ హృదయమును అడిగెను. పై పూతను అడుగలేదు.

4. బండిని బాగుచేసిన విధము

సహోదరుడు బండిని వేపచెట్టు క్రింద నిలిపెను. మాలో చేతిపని తెలిసిన ముగ్గురు, వెల్డింగు నేర్చిన యౌవనస్థుడొకడు తోడైరి. ఆ పని వరుసను వ్రాయుచున్నాము. బండి, ట్రాక్టరు తొట్టి, ఇనుప గేటు గల ప్రతివానికి ఇది పనికివచ్చును.

మొదట కడుగుట. చాపలు, చెక్కలు తీసివేసి మూలలలోని మన్ను, ఎరువు అంతయు నీటితో పోవునట్లు కడిగి ఆరనిచ్చితిమి. తలుపుల అడుగున నీరు పోవు రంధ్రములుండును. అవి మన్నుతో పూడియుండెను. వాటిని పుల్లతో పొడిచి తెరచితిమి. తుప్పునకు మొదటి కారణము పెద్ద గాయము కాదు, పూడిన చిన్న రంధ్రమే. దినదినము దేవునియెదుట ఒప్పుకొను అలవాటు మానినవాని బ్రదుకును ఇట్టిదే. తడి బయటికి పోవు దారి మూసికొనిపోవును.

రెండవది తట్టి చూచుట. సుత్తితో తట్టగా మంచి ఇనుము ఖంగున మ్రోగును; తినివేయబడినది బొద్దుగా పలుకును. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరు మొనతో పొడిచితిమి. ఎక్కడ దిగబడెనో అక్కడ సుద్దతో గీత గీచితిమి. గీతలు చూచి సహోదరుడు, “ఇన్నా!” అనెను. మేము అనుకొన్నదానికి మూడింతలు గీతలాయెను. దేవా, నన్ను పరిశోధింపుమని 139వ కీర్తన చివర కోరువాడు ఈ సుద్దగీతలకు సిద్ధపడవలెను.

మూడవది గోకుట. వైరు బ్రష్షుతోను గ్రైండరుతోను తెల్లని ఇనుము కనబడువరకు గోకితిమి. ఇక్కడ ఒక జాగ్రత్త. పాత రంగులలో సీసము ఉండవచ్చును. ఆ ధూళి పిల్లలకు మిక్కిలి హాని. కావున నోటికి ముక్కునకు మాస్కు, కండ్లకు అద్దములు పెట్టుకొనవలెను. వీలైనచోట నీళ్ల కాగితముతో తడిపి రుద్దవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను. రాలిన ధూళిని చేలోను బావి దాపునను పోయరాదు.

నాలుగవది కోసి అతుకుట. రంధ్రము పడినచోట దాని అంచువరకే కోసినయెడల చాలదు. మంచి ఇనుము తగులువరకు కోయవలెను. క్రొత్త గుడ్డను పాత వస్త్రమునకు మాసిక వేసినయెడల చినుగు ఎక్కువగునని ప్రభువు చెప్పిన ఉపమానము (మత్తయి 9:16) మాకు ఇక్కడ జ్ఞాపకము వచ్చెను. తుప్పు అంచున వెల్డింగు నిలువదు. అడ్డ ఇనుములు రెంటిని పూర్తిగ తీసి అదే మందము గల క్రొత్తవి వేసితిమి. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పుట, డీజిలు ట్యాంకును దూరము చేయుట, ఇసుక బకెట్టు దగ్గర నుంచుట మరువరాదు. ఛాసిస్‌కే తుప్పు పట్టినయెడల మాత్రము ఇంటియొద్ద చేయి పెట్టక, విజయవాడ ఆటోనగరువంటి చోట నిపుణులకు చూపవలెను.

అయిదవది ప్రైమరు. తోమిన ఇనుమును ఒక రాత్రి యూరక విడిచినయెడల మంచు తగిలి తెల్లవారునప్పటికి గోధుమరంగు తేలును. ఊడ్చి అమర్చి ఖాళీగా విడిచిన యింటికి ఏడు చెడ్డ ఆత్మలు వచ్చిన సంగతి (మత్తయి 12:43–45) ఇట్టిదే. కావున ఏ పూట తోమినదానికి ఆ పూటనే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూసితిమి. ప్రియులారా, ఆ ప్రైమరు ఎఱ్ఱన ఏలనో ఎరుగుదురా? అందులోని ఎఱ్ఱని పొడియు ఇనుమును ప్రాణవాయువును కలిసినదే, తుప్పుజాతిదే. అయితే అది యికమీదట తుప్పుపట్టదు. నూనెలో కలిసి ఇనుమును అంటుకొని, తుప్పును రానీయక అడ్డగించును. తుప్పు పోలికలో నుండియు తుప్పునకు అడ్డుగ నిలుచును. దేవుడు తన కుమారుని పాపశరీరపు పోలికతో పంపెనని రోమా 8:3లో పౌలు వ్రాసినది తలంచి, మేము బ్రష్షు పట్టుకొనియే కొంతసేపు మౌనముగా నుంటిమి. ఏ ఉపమానమును అన్ని ప్రక్కల సరిపోదు. కాని ప్రైమరు తోమిన ఇనుముమీదనే పట్టును, రేగిన తుప్పుమీద పట్టదు అనుమాట మాత్రము నిశ్చయము.

ఆరవది లప్పము, రంగు. లప్పము గుంటలు సరిచేయుటకే గాని రంధ్రములు పూడ్చుటకు కాదు. తుప్పుమీద పెట్టిన లప్పము చెమ్మను పట్టియుంచి రోగమును పెంచును. లప్పము ఆరినపిమ్మట 220 నంబరు కాగితముతో రుద్ది, మరల ప్రైమరు పూసి, అది ఆరినపిమ్మట 400 నంబరు నీళ్ల కాగితముతో నునుపు చేయవలెను. ఎనామెలు ఒక మందపు పూతకంటె రెండు పలుచని పూతలు మేలు. నడుమ ఒక దినము ఆరనీయవలెను. రోహిణి ఎండలో కాలిన రేకుమీద రంగు వేసినయెడల పైపొర మాత్రమే ఆరి బుడగలు లేచును. వానలో తేమవలన మెరుపు చెడును. నీడపట్టున, మంచు ఆరిన ఉదయము మంచి వేళ.

5. రంగునకు ముందు కూలి

ఈ పని నడుమ ఒక తర్కము వచ్చెను. హమాలీ సోదరుని ఆస్పత్రి ఖర్చును, పోయిన దినముల కూలిని తాను ఇయ్యవలెనని బండి సహోదరుడు ఒప్పుకొనెను. అయితే, “బండి తయారైతే కిరాయి వస్తది, అందులోంచి ఇస్తాను” అనెను. న్యాయముగనే తోచెను, మేమును సరేనంటిమి. అప్పుడు స్త్రీల సమాజములోని ఒక పెద్దమ్మ, “అయ్యా, బండి నెల ఆగుద్ది. పొయ్యి ఆగుద్దా?” అనెను.

ఆమె చదువు తక్కువది. కాని యాకోబు 5వ అధ్యాయమును మాకంటె ఆమెయే సరిగ చదివెను. 3వ వచనములో వెండి బంగారముల తుప్పు ధనవంతులమీద సాక్ష్యము పలుకునని యాకోబు వ్రాయును. వెంటనే 4వ వచనములో, చేను కోసిన పనివారికి ఇయ్యక పట్టుకొన్న కూలి కేకలు వేయుచు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవులకు చేరినదనును. తుప్పునకును కూలికిని నడుమ ఒక్క వచనమంత దూరమైనను లేదు. ద్వితీయోపదేశకాండము 24:15 ప్రకారము కూలి ప్రొద్దు క్రుంకకమునుపే ఇయ్యవలెను. 22:8లో ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెను. లేనియెడల అక్కడనుండి పడినవాని రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చును. నా మిద్దె, నా తొట్టి, నా యిష్టమని విశ్వాసి పలుకరాదు. దానిమీద ఇతరుల పాదములున్నవి. తనిఖీ చేయువారు కనబడినది చూతురు. పూత క్రింద దాచినదానికి దాచినవాడే ఉత్తరవాది.

సహోదరుడు రంగుకొరకు దాచిన సొమ్ము తీసి, ఇంకను చాలనిది ఇద్దరియొద్ద చేబదులు తెచ్చి, హమాలీ ఇంటికి పోయి ఇచ్చెను. సంఖ్యాకాండము 5:7 అపరాధము ఒప్పుకొని, నష్టమునకు అయిదవ వంతు కలిపి ఇయ్యుమని చెప్పును. ఆయన ఆ లెక్క చదివి అట్లే కలిపి ఇచ్చెను. ఇచ్చునపుడు, “తెలిసే పూయించాను, నన్ను క్షమించు తమ్ముడూ” అని ఆ మాటనే మరల చెప్పెను. డబ్బు ఇచ్చుటకంటె ఆ మాట చెప్పుటయే కష్టమాయెనని పిమ్మట మాతో అనెను.

ఎనామెలుకు సొమ్ము లేనందున బండి మే నెలంతయు ఎఱ్ఱని ప్రైమరుతోనే తిరిగెను. దారిలో కొందరు నవ్విరి. మృగశిర కార్తె వానలు రాకమునుపే పై పూతలు పూర్తియాయెను. ప్రైమరు ఒక్కటే వానకు చాలదు గనుక అది విడువరాని పని. వెనుక తలుపుమీద వాక్యము మరల వ్రాయింతువా అని అడిగితిమి. “కొన్నాళ్లు ఆగనీయండి” అనెను. హమాలీ సోదరుడు పనికి వచ్చిన మొదటి దినమున తొట్టిలోనికి ఎక్కకమునుపు కాలితో రెండుసార్లు గట్టిగ తన్ని చూచెను. ఖంగున మ్రోగెను. అప్పుడు ఎక్కెను. ఎవరును అతనిని తప్పుపట్టలేదు.

6. మన సంఘమునకు

ప్రియులారా, మన యిండ్లలోను సంఘములోను ఏ చోట గచ్చుపూత యున్నది? చాలకాలముగా తీర్చని సంఘపు లెక్క కావచ్చును. ఆరాధనలో చేయి కలిపి, చేనిగట్టుమీద పలుకరించుకొనని అన్నదమ్ముల పగ కావచ్చును. ఇంట భార్యాబిడ్డలు మాత్రమే ఎరిగిన త్రాగుడు కావచ్చును. కాయ కోసిన ఆడకూలీలకు రేపు మాపని చెప్పుచున్న పైకము కావచ్చును. దాచినవాడు ఇది నా సొంత సంగతి అనుకొనును. కాని ఆ తొట్టిలో అడుగుపెట్టువాడు వేరొకడు. మన మాట నమ్మి, మన ప్రార్థన విని, బరువు వీపున పెట్టుకొని ఎక్కును.

దేవుని మందిరపు శిథిలములు యోవాషు రాజు యేలుబడిలో 23వ ఏటికిని బాగుకాక యుండెనని 2 రాజులు 12లో చదువుదుము. రూకలు వచ్చుచుండెను, పని మాత్రము జరుగలేదు. యాజకుడైన యెహోయాదా పెట్టెకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర నుంచి, పనివారికి నేరుగ ఇచ్చిన పిమ్మట పని సాగెను. ఆలస్యమైనను బాగుచేయుట దేవునికి అంగీకారమే. మన పాపములను మనము ఒప్పుకొనినయెడల ఆయన నమ్మదగినవాడై క్షమించి పవిత్రపరచునని 1 యోహాను 1:9 మనకు హామీ ఇచ్చుచున్నది. ఆ హామీ గోకబడిన ఇనుమునకే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యెహెజ్కేలు 13లో గోడ కట్టినవారి తప్పేమి? పూత పూసినవారి తప్పేమి? ఈ రెంటిలో మనది ఏది?
2. యాకోబు తుప్పును గూర్చి చెప్పిన వెంటనే కూలిని గూర్చి ఏల చెప్పెను?
3. ద్వితీయోపదేశకాండము 22:8లోని పిట్టగోడ నేడు మన బండ్లకు, బావులకు, కరెంటు మోటార్లకు ఎట్లు వర్తించును?
4. క్షమాపణ అడుగుటకును నష్టము చెల్లించుటకును సంబంధమేమి? లూకా 19:8 చూడుడి.
5. ఈ మాసము మన సంఘములో ఎవరికి చెల్లింపవలసిన కూలి మిగిలియున్నది?

ప్రార్థన

ప్రభువా, మా పైపూతను నీవు చూడవు, మా లోపలి ఇనుమును తట్టి చూచుచున్నావు. మేము దాచినదానిని గోకుము. మావలన గాయపడినవారికి చెల్లింపవలసినది చెల్లించు మనస్సు మాకిమ్ము. మామీద అడుగుపెట్టువారు దిగబడిపోకుండ మమ్మును స్థిరపరచుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.